మళ్ళీ మాస్టారి రెండో విడత

విత్తనాల ల్యాబులో టెక్నీషియన్‌గా ఉన్న ఆయన్ని అందరూ మళ్ళీ మాస్టారు అనేవారు. పాఠాలు చెప్పే మాస్టారు కాదు. ఏ పనైనా ఒకసారి చేసి ఊరుకోరు, మళ్ళీ చేస్తారు కాబట్టి ఆ పేరు. తూచిన గింజల్ని మళ్ళీ తూచేవారు. వేసిన తాళాన్ని మెట్ల దాకా వెళ్ళి, వెనక్కి వచ్చి, లాగి చూసేవారు. మాస్టారు ఒక జోక్‌కి రెండుసార్లు నవ్వుతారని పరిశోధక విద్యార్థులు ఏడిపిస్తే, ఆయన నవ్వి, కాసేపాగి ఇంకోసారి నవ్వేవారు.

ఇరవై నాలుగేళ్ళ వయసులో మొక్కలకు నీళ్ళు పట్టే పనికి చేరిన మనిషి. గింజలు లెక్కపెట్టడం చూసి నేర్చుకున్నారు, ఆ తర్వాత ఆయన్ని చూసి మిగతావాళ్ళు నేర్చుకున్నారు. నేను వచ్చేనాటికి ముప్ఫై అయిదేళ్ళ సర్వీసు. ఆయన లెక్కల మీద పద్నాలుగు మంది డాక్టరేట్లు పుచ్చుకున్నారు. ఆ పద్నాలుగు గ్రంథాల్లోనూ చివరి పేజీలో ‘ల్యాబు సిబ్బందికి కృతజ్ఞతలు’ అని ఉంటుంది. ఆ సిబ్బంది ఈయనొక్కరే.

నేనెవరినంటే, ఆ ల్యాబుని దారిలో పెట్టడానికి వచ్చినదాన్ని. అంతకుముందు పన్నెండేళ్ళు భవనాలు కట్టే కంపెనీలో ప్రణాళికలు వేశాను. ఏ రోజు పునాది, ఏ రోజు స్లాబు, సిమెంటు లారీ ఎన్నింటికి రావాలి అన్నీ గీతల్లో గీసి గోడకి తగిలించడం నా పని. పరిశోధనకి డబ్బిచ్చే సంస్థ, ఇకమీదట ప్రతి ప్రాజెక్టుకీ ఒక మేనేజరు ఉండాలని షరతు పెట్టడంతో విశ్వవిద్యాలయం నన్ను ఏడాదిన్నర కాంట్రాక్టు మీద తీసుకుంది. వచ్చిన వారంలోనే గోడకి పెద్ద చార్టు బిగించాను. ఒక్కో పనికీ ఒక్కో పట్టీ. సమయానికి సాగుతుంటే ఆకుపచ్చ, ఆలస్యమైతే ఎరుపు. రోజూ ఉదయం అందరూ నిలబడే పావుగంట మీటింగు. కూర్చుంటే కబుర్లు ఎక్కువవుతాయని నా నమ్మకం.

నా పద్ధతులన్నీ తప్పని చెప్పి ఇప్పుడు మంచిదాన్నయిపోను. కొన్ని బాగానే పనిచేశాయి. మందులు అయిపోయాక తెప్పించడం మానేసి, అయిపోకముందే తెప్పించడం మొదలైంది. మైక్రోస్కోపు దగ్గర పోట్లాటలు ఆగాయి. అవి చూసి నాకు కళ్ళు నెత్తికెక్కాయి. ఇన్నాళ్ళూ వీళ్ళకి పని చేయడం ఎవరూ నేర్పలేదనుకున్నాను.

ప్రాజెక్టు విషయం చాలా మామూలుది. విత్తనాలకి ఒక పూత పూస్తే వేడిలో, తేమలో నిలవున్నా మొలకెత్తే శక్తి పోకుండా ఉంటుందా అన్నది ప్రశ్న. పూత పూసినవీ పూయనివీ తడికాగితాల్లో చుట్టి, లోపలంతా ఒకే వేడి ఉండాల్సిన మొలకల బీరువాలో పద్నాలుగు రోజులు ఉంచి, మొలిచినవి లెక్కపెట్టాలి. అలా అయిదు రకాల విత్తనాలు. ఈసారి వచ్చే వ్యాసంలో మాస్టారి పేరు కూడా వేస్తానని ల్యాబు నడిపే ప్రొఫెసర్ గారు మాటిచ్చారు. ఇంకో రెండేళ్ళలో ఆయన రిటైరవుతారు. ఇదే చివరి అవకాశం. నా టేబుల్ దగ్గరికి వచ్చి అడిగారొకరోజు.

“పేరు నిజంగా వేస్తారంటారా మేడమ్?”

“వేస్తారు మాస్టారూ. చార్టులో కూడా రాశాను, రచయితలు నలుగురని.”

“సరే మేడమ్” అని వెళ్ళారు. అయిదు నిమిషాల్లో తిరిగొచ్చి, “నలుగురిలో నేనొకణ్ణేగా?” అని అడిగారు. నాకు నవ్వొచ్చింది. ఆ మనిషికి ఆ నాలుగో పేరు ఎంత అవసరమో అప్పుడే తెలిసింది నాకు. తెలియదని చెప్పుకునే వీలు కూడా లేదు.

రెండో ఏడాది మధ్యకి వచ్చేసరికి పదకొండు వారాలు వెనకబడ్డాం. చార్టంతా ఎర్రబారింది. నా కాంట్రాక్టు పొడిగించేదీ లేనిదీ ఆ నెలలోనే తేలాలి. చార్టు ముందు నిలబడి పట్టీలు చూస్తుంటే, మొలకల పరీక్ష ఒక్కోదానికి నాలుగు వారాలని కనిపించింది. పద్నాలుగు రోజుల పరీక్షకి నాలుగు వారాలెందుకు? విచారిస్తే, మాస్టారు ప్రతిదీ రెండు విడతలు చేయబోతున్నారని, అప్పటికి మొదటి రకానికి ఒక్క విడతే అయిందని తేలింది. అయిదు రకాలు, ఒక్కోదానికి రెండు వారాలు అదనం. మొత్తం పది వారాలు! ఎగిరి గంతేసినంత పని చేశాను.

మర్నాడు ఉదయం మీటింగులో అందరి ముందూ అడిగాను.

“మాస్టారూ, మొదటిసారి లెక్కలో తప్పొచ్చిందా?”

“లేదు మేడమ్.”

“మరి రెండోసారి ఎందుకు?”

ఆయన చేతులు తుడుచుకున్నారు. “చెయ్యాలి మేడమ్. చేస్తేనే బావుంటుంది.”

“బావుంటుందంటే ఎలా? కారణం చెప్పండి. ఊరికే అడగట్లేదు, ఇక్కడ రాసుకోవాలి.”

అందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన ఏదో చెప్పబోయి, నా చేతిలోని గడియారం వైపు చూశారు. “ఏమో మేడమ్. అలవాటు.”

ఎవరో కిసుక్కున నవ్వారు. నేను మీటింగు పుస్తకంలో రాసుకున్నాను: ‘రెండో విడత పరీక్షలు రద్దు. టెక్నీషియన్ అడ్డుచెప్పారు. కారణం: అలవాటు.’ ప్రొఫెసర్ గారు కింద సంతకం పెట్టారు. చార్టులో అయిదు పట్టీలు సగానికి కత్తిరించి, మళ్ళీ ఆకుపచ్చ వేశాను. మధ్యాహ్నం మాస్టారు నా గది గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. నేను ఫోనులో ఉన్నాను. చేత్తో ఆగమన్నాను. ఫోను పెట్టేసరికి ఆయన లేరు. వెళ్ళి అడగాలని నాకు తోచలేదు. తోచలేదా, తోచనివ్వలేదా అన్నది ఇప్పటికీ తేల్చుకోలేను.

ఆయన రిటైరయ్యే ఏడాది మొదట్లో వ్యాసం వెలువడింది. పూత పూసిన గింజలు నూటికి ఎనభై ఎనిమిది మొలిచాయి, పూయనివి అరవై ఒకటి. పైన నాలుగు పేర్లు. నాలుగోది మాస్టారిది. ఆ పేజీని ఆయన రెండుసార్లు ప్రింటు తీయించుకున్నారు. నా కాంట్రాక్టు మూడేళ్ళకి పెరిగింది.

ఎనిమిది నెలల తర్వాత ఇంకో విశ్వవిద్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. మీరు చెప్పినట్టే చేశాం, మాకు ఏ తేడా కనబడలేదు అని. ప్రొఫెసర్ గారు కొట్టిపారేశారు. మాస్టారు మాత్రం ఎవరితోనూ ఏమీ అనకుండా బీరువాలో అరకొకటి చొప్పున నాలుగు థర్మామీటర్లు పెట్టి తలుపు మూశారు. సాయంత్రానికి సంగతి తేలింది. కింది ఫ్యాను ఎప్పుడో పాడైంది. తలుపు మీద అంకె చూపించే మీటరు పై అరకి కలిపి ఉంది. కింది అరల్లో వేడి అయిదు డిగ్రీలు తక్కువ. పూత పూసినవి పైన, పూయనివి కింద. అయిదు రకాలకీ అదే వరస. మేం కొలిచింది పూతని కాదు, అరల్ని.

అప్పుడు చెప్పారాయన, నేను అడిగితే. “రెండోసారి పైవి కింద, కిందవి పైన పెడతాను మేడమ్. బీరువాని నమ్మకూడదు కదా.”

నేను రెండోసారి అనుకున్నది అసలు రెండోసారే కాదు.

వ్యాసం మీద విశ్వవిద్యాలయం వేసిన కమిటీ విచారణ ఆయన సర్వీసు చివరి నెలలో జరిగింది. పొడవాటి గది, నీళ్ళ సీసాలు, ముగ్గురు సభ్యులు. మీటింగు పుస్తకం నా ఒళ్ళోనే ఉంది. సభ్యుల్లో పెద్దావిడ ఆయన్ని అడిగారు.

“అరలు మార్చి చూడటం మీకు తెలిసిన పద్ధతేనా?”

“తెలుసండి.”

“మరెందుకు చెయ్యలేదు?”

మాస్టారు ఒకసారి ప్రొఫెసర్ గారి వైపు చూశారు. ఆయన కిటికీలోంచి బయటికి చూస్తున్నారు. తర్వాత నావైపు చూశారు. అడగటం కాదు, ఊరికే చూడటం. నా బొటనవేలు ఆ పేజీ దగ్గరే ఉంది. పుస్తకం తెరిచి ఒక్క లైను చదివితే చాలు. తెరవలేదు. నా ఉద్యోగం ఇంకా రెండేళ్ళుంది, నా చార్టుని మిగతా డిపార్టుమెంట్లలో పెట్టాలని ఆ నెలలోనే ఆర్డరు వచ్చింది. ఇవి కారణాలు, అంతే. సిగ్గు లేకపోవడానికి ఇంతకన్నా పెద్ద కారణాలు అక్కర్లేదు.

“చెయ్యలేదండి” అన్నారాయన. “పొరపాటయింది.”

‘టెక్నీషియన్ నిర్లక్ష్యం’ అని రాసుకున్నారు. వ్యాసం వెనక్కి తీసుకున్నారు. ప్రొఫెసర్ గారికి నూట పన్నెండు వ్యాసాల్లో ఒకటి పోయింది. మాస్టారికి ఉన్న ఒక్కటీ పోయింది. వీడ్కోలు సభ జరిగిన రోజు నేను సెలవు పెట్టాను. మొహం చెల్లలేదు.

రెండు నెలలు ఎలాగో గడిపాను. ఇక ఉండబట్టలేక, ఒక ఆదివారం ఉదయం ఆ మీటింగు పుస్తకం సంచిలో పెట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను. క్షమించమని అడగాలి, ఈ పుస్తకం కమిటీకి ఇస్తానని చెప్పాలి. దారంతా మాటలు కూడబలుక్కున్నాను.

రెండు గదుల వాటా. తలుపు తీసింది ఆయన భార్య. “ఆఫీసు నుంచా? రామ్మా, రా. ఏవండీ, మీ ఆఫీసావిడొచ్చారు!” అంటూ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది. మాస్టారు లేచి నిలబడ్డారు. నేను సంచి తెరవబోయాను.

“ముందు ఇది చూడమ్మా” అందావిడ. గోడ మీద అద్దం వెనక ఆ వ్యాసం మొదటి పేజీ ఉంది. “నాకు చదవడం రాదు గానీ, ఈయన పేరు ఎక్కడుందో తెలుసు. ఇదిగో, నాలుగోది. ఇన్నేళ్ళూ ఆ గింజలతో ఏం చేస్తారయ్యా అని మా అక్కావాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. ఇప్పుడొచ్చి చూసి పోతున్నారు. రోజూ తుడుస్తాను.”

మాస్టారు ఆవిడ వెనక నిలబడి నావైపు చూసి తల అడ్డంగా ఊపారు. చాలా చిన్నగా. వ్యాసం పోయిందని ఆవిడకి చెప్పలేదాయన. పుస్తకం కమిటీకి ఇస్తే ఆయన తప్పు పోతుందేమో గానీ, వ్యాసం తిరిగి రాదు. పైగా ఆ గొడవంతా ఈ గుమ్మం దాకా వస్తుంది. నిజం చెప్పడానికి ఒక చోటుండేది. ఆ పొడవాటి గదిలో, నా ఒళ్ళో.

“మీరూ అక్కడే పని చేస్తారుగా?” ఆవిడ అద్దం మీద వేలు పెట్టి, నా మొహంలోకి చూసి నవ్వుతూ అడిగింది. “ఇందులో మీ పేరేదమ్మా?”

“లేదు పిన్నిగారూ” అన్నాను. “నా పేరు ఎక్కడా లేదు.”

“అయ్యో” అందావిడ జాలిగా. “వచ్చేసారి వేస్తార్లేమ్మా.”