అందరికీ అంటిన తడి

మొన్న కళ్ళజోడు మార్పించుకుందామని ఏలూరు బజారులో ఒక దుకాణానికి వెళ్ళాను. గడ్డం మెషిను మీద ఆనించమన్నారు. లోపల రంగుల బెలూను ఒకటి కనిపించింది, దగ్గరికొచ్చింది, దూరం జరిగింది, పక్క నుంచి చీటీ బయటికొచ్చింది. ఆ చీటీ ప్రకారం చేసిన అద్దాలు పెట్టుకుంటే ఎదురుగోడ మీది గడియారంలో రెండు ముళ్ళూ ఒకటైపోయాయి. "ఇవి నాకు ఆనడం లేదమ్మా" అన్నాను. కౌంటరులో ఉన్న అమ్మాయి ఎంతో మర్యాదగా, "మెషిన్ తప్పు చూపించదండీ, మీకే అలవాటు కావాలి" అంది. కళ్ళు నావి, కనబడనిది నాకు, సాక్ష్యం మాత్రం మెషినుది. ఇంటికొచ్చి మంచినీళ్ళు తాగినా నా చెవుల వేడి తగ్గలేదు. ఆ పిల్ల మీద కోపం కాదని నాకు తెలుస్తూనే ఉంది. అది పాత కోపం. తాడేపల్లిగూడెం అవతల ఒక రైస్ మిల్లు యార్డులో, సార్వా పంట ధాన్యం దిగే రోజుల్లో, మా అక్క పక్కన నిలబడి తెచ్చుకున్న కోపం.

మా అక్కని గణపవరం దగ్గర ఊరికి ఇచ్చారు. ఆ ఏడాది బావగారికి నడుం పట్టేసి మంచం దిగలేకపోయారు. కోతలు, నూర్పిళ్ళు, కూలీలకి కాఫీలు, కూలీలతో తగాదాలు, అన్నీ అక్కే చూసుకుంది. ధాన్యం కళ్ళంలో పలచగా పరిచి, ఎండ తిరిగినప్పుడల్లా కాళ్ళతో సాళ్ళు తీస్తూ తిరగేసేది. మధ్యలో ఒక గింజ పంటికింద పెట్టి కొరికి, చప్పుడు నచ్చకపోతే మళ్ళీ ఎండలోకి దిగేది. బావగారు మంచం మీద నుంచే, "అది ఆరిందే, ఇంక నువ్వే ఎండిపోతావు" అని అరిచేవారు. తుఫాను వస్తోందని రేడియోలో చెప్పిన రోజు, ట్రాక్టరు మీద మిల్లుకి బయల్దేరుతూ నన్ను తోడు రమ్మంది. అప్పట్లో నేను ఏలూరులో దుకాణాలవాళ్ళకి కంప్యూటర్ మీద స్టాకు లెక్కలు చేసిపెట్టేవాణ్ణి. నా చదువు ఇంటరుతో ఆగింది. కంప్యూటర్ భాషలు నేర్పించినవాళ్ళు లేరు, పుస్తకాలు ముందేసుకుని తప్పులు చేస్తూ నేర్చుకున్నాను.

ఇక్కడ ఆ భాషల గురించి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగిన అన్యాయం అర్థం కాదు. పైథాన్ అని ఒక భాష ఉంది. మనలాంటివాళ్ళకి అనువైనది. తప్పు రాస్తే ఏ వరసలో రాశామో చెప్పి ఆగిపోతుంది. సి అని ఇంకొకటి ఉంది, పాతది, మహా వేగం. మెషిన్లు తయారుచేసేవాళ్ళు తమ మెషినుతో మాట్లాడే ఫంక్షన్లన్నీ, అంటే పిలిస్తే ఒక్కో పని చేసిపెట్టే ముక్కలన్నీ, సి లో రాసి, మూత బిగించి, లైబ్రరీ అని చేతికిస్తారు. లోపలేముందో మనకి కనబడదు. పైథాన్‌లో నాలుగు వరసలు రాసి ఆ ఫంక్షన్లని బయట నుంచి పిలుచుకోవచ్చు. ఈ సదుపాయం పైథాన్‌తోనే కలిపి ఇవ్వడం అప్పుడప్పుడే మొదలైంది, నాకు దాని మీద మోజు కూడా ఉండేది. చిక్కల్లా ఏమిటంటే సి కి మొహమాటం ఎక్కువ. మనం ఏమిచ్చినా పుచ్చుకుంటుంది, ఏదో ఒకటి తిరిగిస్తుంది. తప్పయినా, ఒప్పయినా దాని మొహంలో రంగు మారదు.

మిల్లు యార్డులో ఆ వారమే కొత్త తేమ మీటరు పెట్టారు. దాన్ని కంప్యూటర్‌కి కలపడానికి కంపెనీవాళ్ళు ఒక ఇంజనీరు అమ్మాయిని పంపారు. మీటరు లైబ్రరీ సి లో ఉంది. దాన్ని పిలిచి స్లిప్పులు తీసే ప్రోగ్రాము ఆ అమ్మాయి పైథాన్‌లో రాసింది. యార్డు సూపర్‌వైజరు గారికి ఒక అలవాటు ఉండేది. బండి బండికీ స్లిప్పు రాయడం ఆయనకి నచ్చదు. ఒక విడత బళ్ళన్నిటి గింజలూ వరసగా మీటరులో పోయించి, అన్నీ అయ్యాక స్లిప్పులు ఒక్కసారే తీయించి, టీ తాగుతూ సంతకాలు పెట్టేవారు. ఆ అమ్మాయి ప్రోగ్రాముని కూడా ఆయన అలవాటుకి తగ్గట్టే రాసింది.

మా విడతలో ఐదు బళ్ళు. అక్కది మొదటిది. ఆఖరిది కొల్లేరు పక్క నుంచి వచ్చిన ఒక పెద్దాయనది. చేపల చెరువు గట్టు తెగి చేలోకి నీళ్ళొచ్చాయట, తడి ధాన్యమే తెచ్చానని ముందే చెప్పేశాడు. అక్క గింజలు పోసినప్పుడు మీటరు మీది చిన్న అద్దంలో పదిహేను చిల్లర కనిపించింది. అక్క చూసింది, నేనూ చూశాను. తేమ పదిహేడు శాతం దాటితే తీసుకోరు కాబట్టి గండం గడిచిందనుకుని చెట్టు నీడన కూర్చున్నాం. ఆకాశం కొల్లేరు వైపు నుంచి నల్లబడుతోంది. అంతలో స్లిప్పులు వచ్చాయి. అక్క స్లిప్పు మీద పంతొమ్మిది పాయింట్ నాలుగు.

"ఏవండీ, ఇది నాది కాదేమో చూడండి. అద్దంలో పదిహేను కనబడిందండీ" అంది అక్క.

సూపర్‌వైజరు గారు టీ గ్లాసు దింపలేదు. "కాగితం మీద ఏముంటే అదేనమ్మా."

"నా కళ్ళతో చూశానండీ."

"చూశారు సరే. తూకం పెరుగుతుందని నీళ్ళు చల్లి తెచ్చుకుని మెషిన్నంటే ఎలాగమ్మా? ఇదివరకు మగాళ్ళే చేసేవారు, ఇప్పుడు మీరూ నేర్చారు."

యార్డులో హమాలీలున్నారు, ట్రాక్టరు డ్రైవర్లున్నారు, మా అక్క ఊరివాళ్ళు ఇద్దరున్నారు. ఎవరో నవ్వారు. వారం రోజులు ఎండలో నడిచి అరికాళ్ళు పగిలిన మనిషిని నీళ్ళు చల్లావంటే ఎలా ఉంటుంది? అక్క మొహం వైపు చూడలేక నేను స్లిప్పుల వైపు చూశాను. పక్క బండివాళ్ళది తీసుకున్నాను. పంతొమ్మిది పాయింట్ నాలుగు. ఆ పక్కది, అదే. ఐదూ అదే. ఐదు ఊళ్ళ ధాన్యం, ఐదు రకాల కళ్ళాలు, పాయింటు దగ్గర కూడా తేడా లేదు. ఇది కుదిరే పని కాదని చెప్పాను. "అందరివీ ఒకే వానకి తడిసుంటాయి" అన్నారు సూపర్‌వైజరు గారు. "వాన కూడా పాయింట్ల లెక్కన పడుతుందాండీ?" అంది అక్క. కొల్లేరు పెద్దాయన తన స్లిప్పు తిప్పి తిప్పి చూసి, "నాది తడేనండీ, ఒప్పుకుంటాను. మరి నా తడి ఇంతమందికి ఎలా అంటిందండీ?" అన్నాడు. ఈసారి నవ్వు సూపర్‌వైజరు గారి వైపు తిరిగింది.

ఇంజనీరు అమ్మాయి భోజనం మధ్యలో చెయ్యి కడుక్కుని వచ్చింది. తన ప్రోగ్రాము తెరిచి చూపించింది. ఇద్దరం తెర ముందు వంగున్నాం. లైబ్రరీ ఒక్కో కొలతకీ ఏమి తిరిగిస్తోందో ఆ అమ్మాయి వరసగా రాయించి చూసింది. అంకె కాదు, అంకె ఉన్న చోటు తాలూకు చిరునామా ఇస్తోంది. ఐదు కొలతలకీ ఒకటే చిరునామా. "అయ్యో సార్, అన్నీ ఒకే చోటే" అంది. సంగతి ఇంతే. గేటు దగ్గర ఒకే పలక ఉందనుకోండి. ఎవరు వచ్చినా వాళ్ళ తేమ దాని మీదే రాస్తారు, తరవాతివాళ్ళు రాగానే చెరిపి మళ్ళీ రాస్తారు. మనం అంకె ఎత్తి రాసుకోకుండా 'పలక చూడు' అని ఐదుసార్లు రాసుకుంటే, సాయంత్రం వెళ్ళి చూసినప్పుడు ఐదుగురికీ ఆఖరివాడి అంకే కనబడుతుంది. బండి బండికీ స్లిప్పు తీసి ఉంటే ఎవరిది వాళ్ళకి వచ్చేది. ఆయన టీ కోసం అన్నీ ఆఖరున తీయడంతో చెరువు నీళ్ళు అందరి మీదా పడ్డాయి.

ఆ లైబ్రరీతో వచ్చిన పుస్తకం అక్కడే బల్ల మీద ఉంది. అది తిరగేస్తుంటే నాకు ఒళ్ళు మండిపోయింది. మీటరుని పొడి గుడ్డతో ఎలా తుడవాలో బొమ్మలతో సహా ఉంది. ఎండలో పెట్టరాదని ఉంది. పిల్లలకి అందనివ్వరాదని ఉంది. ఇచ్చిన చోటుని మళ్ళీ పిలిచినప్పుడు చెరిపేస్తాం, ఈలోగా అంకె తీసి దాచుకోండి, అన్న ఒక్క ముక్క లేదు. ఒక్క వరస అచ్చు వేయడానికి వాళ్ళకి చెయ్యి రాలేదు. సి లో ఇలా రాయడం మామూలేనని, తెలిసినవాళ్ళు చూసుకోవాలని అంటారు. తెలిసినవాళ్ళకి పుస్తకం ఎందుకు? తెలియనివాళ్ళ కోసమే కదా అచ్చు వేసేది.

ఆ అమ్మాయి ఒక్క వరస మార్చింది. చిరునామాకి బదులు అంకెనే అప్పటికప్పుడు ఎత్తి దాచుకునేలా చేసింది. మళ్ళీ ఐదుగురి గింజలూ పోశారు, స్లిప్పులు వచ్చాయి, ఏ రెండూ కలవలేదు. అక్కది పదిహేను చిల్లరే. "నాది మారలేదు, మెషిను మంచిదేనండోయ్" అన్నాడు కొల్లేరు పెద్దాయన. ఇంజనీరు అమ్మాయి అందరూ వినేలా, "నేనలా రాయకుండా ఉండాల్సింది, క్షమించండమ్మా" అని అక్క చేతులు పట్టుకుంది. ఆ పిల్ల ఎవర్నీ ఒక్క మాట అనలేదు. అందరికంటే తక్కువ తప్పు తనదే, ముందు నోరు తెరిచిందీ తనే.

సూపర్‌వైజరు గారు కొత్త స్లిప్పు మీద సంతకం పెట్టి జరిపారు. "సరిపోయిందిగా, దింపించండమ్మా. వాన వచ్చేలా ఉంది."

అక్క స్లిప్పు ముట్టుకోలేదు. "నీళ్ళు చల్లానని ఇందాక ఇక్కడే పదిమందిలో అన్నారు. చల్లలేదని కూడా ఇక్కడే అనండి. దింపిస్తాను."

"నేనెక్కడన్నానమ్మా? మెషిన్ అంది."

"మెషినుకి నోరుందాండీ?"

ఆయన కాగితాలు సర్దుకున్నారు. నేను మధ్యలోకి వెళ్ళి, "ఏవండీ, ఒక్క మాటేగా" అన్నాను. ఆయన నావైపు చూసి, అంత చిన్న విషయానికి ఇంత రాద్ధాంతమా అన్నట్టు నవ్వారు. తేమ సరిపోయిన మిగతావాళ్ళు తమ బస్తాలు దింపుకున్నారు. వాళ్ళని తప్పుపట్టను, మబ్బు అలా ఉంది మరి. అక్క మాత్రం డ్రైవరుతో, "బండి తిప్పు బాబూ" అంది. దారిలోనే వాన అందుకుంది. బరకాలు కప్పినా గాలికి లేచిపోయాయి. ఆరిన ధాన్యం నిజంగానే తడిసింది. ట్రాక్టరు తొట్టిలో బరకం అంచు పట్టుకుని కూర్చున్న అక్క ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు. వాన వెలిశాక మళ్ళీ పరిచింది, మళ్ళీ నడిచింది, ఆకివీడు వైపు ఇంకో మిల్లుకి తోలింది. బావగారు మంచం మీద నుంచి ఈసారి ఏమీ అరవలేదు.

ఆ తరవాత సూపర్‌వైజరు గారు ఎన్నో పెళ్ళిళ్ళలో మాకు ఎదురుపడ్డారు. అక్కని "బాగున్నారామ్మా" అని పలకరించేవారు, బావగారి నడుం సంగతి అడిగేవారు, నా చేత బలవంతాన జాంగ్రీ కూడా తినిపించారు. చెడ్డమనిషి కాదు, అదే నా ఉక్రోషం. నిరుడు ఆయన పోయినట్టు తెలిసి అక్క పరామర్శకి వాళ్ళింటికి వెళ్ళి వచ్చింది. "ఏమైనా అన్నారా ఆఖర్న, వాళ్ళింట్లోవాళ్ళతోనైనా?" అని అడిగాను. "ఏమంటారురా, మర్చిపోయుంటారు" అంది అక్క. లోపలికి వెళ్తూ, "నేనూ మర్చిపోయాను" అంది. అబద్ధమని ఇద్దరికీ తెలుసు. నేను లెక్కలవాణ్ణి. 'నువ్వు నీళ్ళు చల్లలేదమ్మా' అనడానికి రెండు సెకన్లు చాలు. ఆయనకి దొరికిన అన్ని ఏళ్ళలో ఆ రెండు సెకన్లకి ఎక్కడా ఖాళీ లేకపోయింది.