గంట ఆగిన ఓడ

మదనపల్లెలో ఒక టైల్స్ అంగడి మేడ మీద కూర్చుని సముద్రానికి కాపలా కాస్తానంటే బస్సులో పక్క సీటు వాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పోనీ, ఎగాదిగా చూస్తారు. పుంగనూరు నుంచి రోజూ ఆ బస్సులోనే వచ్చిపోయేదాన్ని కాబట్టి ఇప్పుడెవరైనా అడిగితే "కంప్యూటర్ పని" అని ఊరుకుంటున్నాను. సముద్రాన్ని నేను చూసింది ఒక్కసారే, చెన్నైలో. అది కూడా విప్పిన చెప్పులు ఎవడెత్తుకుపోతాడోనని సగం వెనక్కి తిరిగే చూశాను.

పని ఇదీ. హిందూ మహాసముద్రంలో ఒక చిన్న దీవుల దేశం ఉంది. వాళ్ళకు నేల పిడికెడు, నీళ్ళు మాత్రం బోలెడు. వాటి మీద కన్నేసి ఉంచే పని మా కంపెనీకి ఇచ్చారు. ఆ నీళ్ళలోకి వచ్చే పరాయి ఓడలన్నీ మా తెర మీద చుక్కలుగా కనబడతాయి. ప్రతి ఓడా తానెవరో, ఎక్కడుందో చెబుతూ సిగ్నల్ పంపాలి. దొంగచాటుగా చేపలు పట్టేవాళ్ళూ, పట్టినవి నడిసముద్రంలో వేరే ఓడకు ఎక్కించేవాళ్ళూ ఆ సిగ్నల్ ఆపేస్తారు. తెర మీద చుక్క మాయమవుతుంది. అప్పుడు మేము కాసేపు ఆగి, ఉపగ్రహం ఫొటో తెప్పించి, అనుమానం గట్టిపడితే ఆ దేశపు తీర రక్షణ ఆఫీసుకు ఫోన్ చేస్తాం. వాళ్ళకున్నది ఒకే ఒక్క గస్తీ పడవ. దాన్ని ఊరికే పరుగులు పెట్టించకూడదు.

మా అమ్మకు ఇదంతా ఒక్క మాటలో అర్థమైంది. అమ్మది పెద్దపంజాణి దగ్గర పల్లె, చిన్నప్పుడంతా కూలికి ఊరి ఆవులు మేపింది. "అంతేనా! ఆవు మెడలో గంట మోగకుండా ఆకు కుక్కి, పరాయోళ్ళ సేన్లోకి తోలేది. మా పక్క ఎంతమంది సేసినారో!" అంది. నేను ఆ మాట ఆఫీసులో చెప్పాను. అప్పటి నుంచి సిగ్నల్ ఆపిన ఓడ కనబడితే మా వాళ్ళంతా "గంట మూసినాడు" అనే అంటారు.

నాకొక తమ్ముడున్నాడు. కేటరింగ్ కోర్సు చదివి, మదనపల్లెలో హోటళ్ళ వేడికి విసిగిపోయి, చెన్నై ఏజెంటు ద్వారా ఒక విదేశీ ఓడలో వంటవాడిగా చేరాడు. చేపల్ని గడ్డకట్టించి మోసే ఓడ అది. ఈత వస్తుందా అని ఆ ఏజెంటు అడిగితే ఓ, బ్రహ్మాండంగా వస్తుందన్నాడు. సర్టిఫికెట్ సంగతి ఏజెంటు చూసుకున్నాడు. మా పక్క చెరువులు నిండేదెప్పుడు, వాడు ఈత నేర్చేదెప్పుడు? వాడికి మోకాలి లోతు నీళ్ళన్నా భయమే. ఈ అబద్ధం ఇంట్లో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలియదు.

ఓడలు ఎక్కడున్నాయో ఎవరైనా ఫోన్లో చూసుకోవచ్చు. రోజూ సాయంత్రం అమ్మ ఆవు పాలు డెయిరీకి పోసి వచ్చి, "యాడుండాడు వాడు?" అని అడిగేది. నేను చుక్క చూపించేదాన్ని. దాన్ని వేలితో ఒకసారి తాకి పొయ్యి దగ్గరికి పోయేది.

ఒకరోజు మధ్యాహ్నం భోజనం ముగించి వచ్చి కూర్చునేసరికి మా తమ్ముడి ఓడ నా తెర మీదే ఉంది. మేము కాపలా కాసే నీళ్ళలోకే వచ్చింది! నాకు ఎంత సంతోషమంటే లేచి అందరినీ పిలవబోయాను. ఇంతలో చుక్క మాయమైంది. మళ్ళీ రాలేదు.

ఇంకే ఓడైనా అయ్యుంటే నేనే "గంట మూసినాడు దొంగ వెధవ" అనేదాన్ని. కానీ నాకు మా ఆవు గుర్తుకొచ్చింది. నా చిన్నప్పుడు అమ్మ గట్టు మీద గడ్డి కోస్తుంటే దూరంగా గంట వినబడుతూ ఉండి, ఉన్నట్టుండి ఆగింది. అమ్మ కొడవలి పారేసి పరుగెత్తింది. మేము పోయేసరికి ఆవు గోడలేని బావిలో పడి ఉంది. గంట ఆగిందంటే ఆ రోజు నుంచీ నాకు బావే కనబడుతుంది.

మా సూపర్‌వైజర్ ఊళ్ళో దర్జీ గారి అబ్బాయి, నెమ్మదస్తుడు. "అరె, ఆగమ్మా. యాల అంత తొందర? రొంత సేపు సూద్దాం" అన్నాడు. ఆగడమా! అప్పటికే ఫోన్ ఎత్తాను.

అవతల ఎప్పుడూ మాట్లాడే అధికారిణే. ఓడ మునిగిపోతోందేమో, మనుషులున్నారు, త్వరగా పొమ్మన్నాను. మునుగుతోందని ఎలా తెలుసు, సహాయం కోసం సంకేతమేమైనా వచ్చిందా అని అడిగింది. రాలేదు. "అందులో వంటవాడికి ఈత రాదు" అనేశాను.

ఆమె ఓడ పేరూ, చుక్క చివరిసారి కనబడిన చోటూ రాసుకుంది. తర్వాత, పడవ పంపుతున్నామంది.

సూపర్‌వైజర్ నా మొహం చూసి, "మనోడా?" అని అడిగాడు. మా తమ్ముడన్నాను. కిందికి పోయి టీ తెచ్చిపెట్టాడు.

సాయంత్రం ఆ అధికారిణే ఫోన్ చేసింది. ఓడ మునగలేదు. ఇంకో ఓడను ఆనుకుని, దొంగచేపలు ఎక్కించుకుంటూ దొరికింది. రెండింటినీ రేవుకు లాక్కొచ్చారు, మనుషులందరినీ అక్కడే ఆపేశారు. చాలా మంచి పని చేశారని నన్ను మెచ్చుకుంది. బతికే ఉన్నాడని ముందు నవ్వొచ్చింది. నా తమ్ముణ్ణి నేనే పట్టించానని ఆ తర్వాత తెలిసొచ్చి, బాత్రూమ్‌లోకి పోయి ఏడ్చాను.

కేసు నెలల తరబడి సాగింది. ఓడ దొరికింది మేము కాపలా కాసే నీళ్ళలోనేనని అమ్మకు నేను చెప్పలేదు. ఇంట్లో అమ్మ నోటికి అడ్డూ ఆపూ లేదు. "ఎవుడు సూసి సెప్పినాడో, వాని కండ్లు పేలిపోను! వాని నోట్లో మన్ను పడ!" అంటూ నా కంచంలో సంగటి ముద్ద వేసేది. చెబుదామని నోరు తెరిచి, చారు అడిగి ఊరుకునేదాన్ని. తమ్ముడు అప్పుడప్పుడు ఫోన్ చేసేవాడు. "బాగుండామక్కా, తిండి పెడతాండారు" అనేవాడు. అమ్మ ఫోన్ లాక్కుని ఆ సెప్పినోణ్ణి మళ్ళీ మొదటి నుంచీ తిట్టేది. వాడు నవ్వి మాట మార్చేసేవాడు.

"నీ పని నువ్వు సేసినావు గదమ్మా" అని సూపర్‌వైజర్ ఓదార్చబోతే కసురుకున్నాను. నా పని నేను చెయ్యలేదు, అదే కదా గొడవ! చేసుంటే కాసేపు ఆగి చూసేదాన్ని. ఆ కాసేపట్లో వాళ్ళు సరుకెక్కించుకుని, సిగ్నల్ పెట్టుకుని, ఏమీ ఎరగనట్టు పోయేవాళ్ళేమో. తమ్ముడి జీతం తమ్ముడికి వచ్చేది. అలా అనుకున్న ప్రతిసారీ ఇంకొకటి గుర్తొచ్చేది. ఎవరివో ఆవులు పడి మేసిపోయిన వేరుశనగ చేను గట్టు మీద ఒకామె కూలబడి ఉండడం అమ్మతో పాటు నేనూ చూశాను. ఆ దీవుల్లోనూ అలాంటి ఆడవాళ్ళు ఉంటారు, ఖాళీ వలల ముందు. పట్టించకుండా ఉండాల్సిందని అనలేను, పట్టించినందుకు సంతోషపడనూ లేను. ఇప్పటికీ అంతే.

చివరికి పనివాళ్ళను వదిలేశారు. చెన్నై నుంచి రైల్లో వస్తున్నాడంటే కుప్పం స్టేషన్‌కు నేనొక్కదాన్నే పోయాను. చిక్కిపోయాడు. గడ్డం, చేతిలో సంచి, భుజం మీద నీలం రంగు దుప్పటి. బయట టీ తాగుతూ, "ఒరేయ్, ఆ పొద్దు…" అని మొదలుపెట్టాను.

"తెలుసులేక్కా" అన్నాడు.

"ఏం తెలుసు?"

"దొంగల్ని పట్టుకునేదానికి వచ్చేటోళ్ళు దుప్పట్లు ఎత్తుకొని వస్తారా? వాళ్ళు దుప్పట్లు, తాళ్ళు, లైఫ్ జాకెట్లు తీసుకొని వచ్చినారు. మా ఓడ నిక్షేపంగా ఉండేది సూసి వాళ్ళే బిత్తరపోయినారు. ముందర ఎక్కినాయన కెప్టెన్ను గూడా అడగలేదు. ఈత రాని వంటాయన ఎవురని అరిసినాడు."

ఇన్ని నెలలూ వాడికి తెలుసు. అమ్మ ఫోన్లో తిడుతుంటే నవ్వి మాట మార్చింది అందుకే. నడిరోడ్డు మీద ఏడుపు ఆగలేదు నాకు.

వాడు దుప్పటి అంచుతో నా మొహం తుడిచి, "ఊరుకోక్కా, జనాలు సూస్తాండారు" అన్నాడు. "జీతం పోయినందుకు బాధ లేదని సెప్పను. శానా ఉండాది. కానీ ఆ ఓడ నిజంగానే మునిగింటే, అంత సముద్రంలో వాళ్ళు మొదుట నన్నే ఎతికిండేవాళ్ళు."