చిక్కుడు పందిరి మీది చారల ఈగలు

1953 చలికాలం. అప్పుడు నేను నాంపల్లి స్టేషన్‌కు దగ్గరలోని ఒక వ్యవసాయ లేబరేటరీలో పురుగులను గుర్తుపట్టే అసిస్టెంట్‌ని. ఈగలంటే నాకు ప్రాణం. ఈ మాట పెళ్లిచూపుల్లో చెప్పి ఒక సంబంధం పోగొట్టుకున్నాను కూడా.

ఒకరోజు మా గల్లీలో కిరాయికుండే ఎల్లమ్మ వచ్చింది. వాకిట్లో పందిరి వేసి, చిక్కుడుకాయలు మొజంజాహీ మార్కెట్ దగ్గర అమ్ముకునేది. చలికాలమంతా ఆమె ఇల్లు గడిచేది దానిమీదే.

"తేనెటీగలు ముసురుతున్నయని ఇల్లు కిరాయికిచ్చినాయన తీగె కోసేస్తనంటున్నడు సారూ. జర వచ్చి చూడున్రి."

వెళ్లేసరికి ఇంటి యజమాని దేవదానం కొడవలి పట్టుకునే ఉన్నాడు. మెదక్ నుంచి వచ్చి రైల్వేలో పనిచేసే మనిషి. నాకు ఒళ్లు మండింది. పురుగు కనబడితే నరకడమేనా అని అడిగేశాను. ఆయన కిటికీలో కూర్చున్న పాపను చూపించాడు.

"నా బిడ్డ గ్రేసు. పోయినేడు తేనెటీగ కుడితే మొఖమంత ఉబ్బి ఊపిరాడలే. దవాఖానల ఉంచినం. అప్పటిసంది బయటికి పంపుతలేను."

నా కోపం దిగిపోయింది.

పూలమీద పసుపూ నలుపూ చారలవి ఆడుతున్నాయి. చూపుకు తేనెటీగలే. కాని గాలిలో ఒకే చోట నిలబడి, చటుక్కున పక్కకు జరుగుతున్నాయి. ఒకదాన్ని గాజుగొట్టంలో పట్టి లెన్స్ కింద చూపించాను. తేనెటీగకు నాలుగు రెక్కలు, దీనికి రెండే. వెనక రెక్కల చోట చిన్న గుండ్లు ఉంటాయి. ఎగిరేటప్పుడు తూలకుండా కాచే వాటిని హాల్టియర్స్ అంటాం. డిప్టెరా, అంటే అసలైన ఈగల వర్గానికి అదే గుర్తు. అందులో ఇది సిర్ఫిడే కుటుంబం. కొండి లేదు. తేనెటీగ వేషంతో పిట్టల్ని బెదిరించి బతుకుతుంది. దీని పిల్లపురుగులు తీగె రసం పీల్చే పేనుబంక పురుగులను తింటాయి.

"గట్లనా, నాకు పనిచేసిపెడుతున్నయన్నట్టు," అంది ఎల్లమ్మ.

"పేర్లు మంచిగనే ఉన్నయ్ సారూ," అన్నాడు దేవదానం. "కుట్టదని నాకెట్ల నమ్మకం?"

ఈగను నా గుప్పిట్లోకి వంపుకోబోయాను. ఆయన కొడవలి కిందపెట్టి చెయ్యి చాపాడు.

"నాకియ్యున్రి. బిడ్డ నాది గద."

గుప్పిట బిగించి కళ్లు మూసుకున్నాడు. కాసేపటికి విప్పాడు. ఈగ అరచేతిలో కాళ్లు తుడుచుకుని ఎగిరిపోయింది.

"నిజం తేనెటీగ గూడ రావచ్చు గద?"

"రావచ్చు," అన్నాను. అందుకే గడప వైపు కొమ్మలు విప్పి, ముగ్గురం కలిసి వెనక గోడకు పాకించాం. తీగె నిలిచింది.

పురుగుకు పేరు చెబితే నా పని అయిపోయిందనుకునేవాణ్ని అప్పటిదాకా. విన్నవాళ్ల భయం తీరిందా అని చూడటం ఆ రోజే నేర్చుకున్నాను. మేం చేతులు కడుక్కుంటుంటే గ్రేసు గడప దాటి వాకిట్లోకి వచ్చింది. తండ్రి అరచెయ్యి విప్పి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఏడ గూడ ఉబ్బలే నాయినా," అంది.