చాచా నిలబెట్టిన జట్టు

మా ఫుట్‌బాల్ జట్టు కోచ్ పోయిన వారం కాలం చేశారు. కాలనీ అంతా ఆయనను చాచా అనే పిలిచేది. తెల్లవారుజామున నమాజుకు లేచి, వజూకని కాళ్లూ చేతులూ కడుక్కొని, మళ్లీ మంచం మీదికి వాలిపోయారట. మొదటి షిఫ్టుకు పోతుంటే గని గేటు దగ్గర ఈ కబురు తెలిసింది. ఇక ఆ రోజు గనిలోకి దిగబుద్ధి కాలేదు. బండి వెనక్కి తిప్పాను.

మా జట్టు సంగతి తెలియనివాళ్లకు ఒక మాట. మాది గోదావరి పక్క బొగ్గుగని కాలనీ. లీగ్‌లో మొదటి డివిజన్‌లో ఆడతాం. ఆడతాం అనడం కంటే వేలాడతాం అనడమే నిజం. ఆఖరున మిగిలిన జట్టు కింది డివిజన్‌కు పోతుంది. ప్రతి ఏడూ ఆ ఆఖరు మెట్టుకు కొంచెం పైన మేముంటాం. కిందికి పోతే పెద్ద జట్లు మా మైదానానికి రావు. మ్యాచులు జరగని మైదానంలో లారీలు నిలుపుకుందామని చూసేవాళ్లకు కొదవ లేదు. చాచా భయమల్లా అదే.

ఆయన గనిలో టింబర్‌మన్‌గా చేసి రిటైరయ్యారు. తవ్విన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టే పని అది. ఆట కూడా అలాగే నేర్పారు. వేరే జట్టు ట్రోఫీతో ఊరేగుతుంటే మేం మొహాలు వేలాడేసుకునేవాళ్లం. "మేడ కట్టుడు వాళ్ల పని. కూలకుంట ఆపుడు మన పని. ఏది కష్టముంటదో మీరే చెప్పుర్రి" అనేవారు.

మాకొక వింత జబ్బుండేది. జట్టులో అందరం గని పనివాళ్లమే. మ్యాచ్ మధ్యలో షిఫ్టు దిగే సైరన్ మోగిందంటే, ఇక పని అయిపోయిందన్నట్టు ఒళ్లు తనంతట తానే సడలిపోయేది. సరిగ్గా అప్పుడే గోల్ పడేది. గోల్‌కీపర్‌ను నేను గనుక తిట్లన్నీ నాకే. కారణం మాకెవరికీ తట్టలేదు, చాచాయే కనిపెట్టారు. కోప్పడతారనుకుంటే పడీపడీ నవ్వారు.

"మీ తప్పు గాదురా భయ్. నా కాళ్లు గూడ గిప్పటికీ గట్లనే జేస్తయ్. సైరన్ మోగంగనే బాల్ బయటికి తన్నుర్రి. జర ఊపిరి తీసుకొని మళ్ల ఆడుర్రి."

ప్రాక్టీసు కూడా సైరన్ వేళకే పెట్టి మాకది అలవాటు చేశారు. పట్నం జట్లు మమ్మల్ని పిచ్చివాళ్లనుకున్నాయి. అనుకోనీ. ఆ గోల్స్ మాత్రం ఆగిపోయాయి. లోపాన్ని తిట్టకుండా దానికి దారి చూపించిన మనిషిని నేను మళ్లీ చూడలేదు.

ఆయన పోయేనాటికి ఈ ఏటి ఆఖరి మ్యాచ్ మిగిలి ఉంది. డ్రా అయితే ఉంటాం, ఓడితే పోతాం. లీగ్ వాళ్లు వాయిదా వేస్తామన్నారు. మట్టి ఇచ్చి వచ్చాక మా కెప్టెన్ వెళ్లి, ఏం చేయమంటారని చాచా భార్యను, మా చాచీని, గుమ్మం బయటి నుంచే అడిగాడు.

"ఆయన పేరు మీద ఆట ఆపకుర్రి బేటా. ఆపితే గాయనే ఫికర్ జేస్తడు" అన్నారామె.

ఆడాం. బాగా ఆడామని అబద్ధం చెప్పను. బంతి మా సగం దాటి పోయిందే తక్కువ. చివర్లో ఒక షాట్ నా వేలికొసలకు తగిలి, పోస్టుకు కొట్టుకొని, పక్కకు పోయింది. గోల్ లేకుండానే ఆట ముగిసింది. మొదటి డివిజన్‌లో నిలిచాం. ఎవరూ ఎగిరి గంతెయ్యలేదు. బూట్లు కూడా విప్పకుండా చాచా ఇంటికి నడిచాం.

చాచీ ఇద్దత్‌లో ఉన్నారు. భర్త పోయాక ఆ కొన్ని నెలలు పరాయి మగవాళ్ల ఎదుటికి రారు. గుమ్మానికి పరదా వేసి ఉంది. మేం బయట నేల మీదే కూర్చున్నాం.

"ఉన్నమా బేటా?" అని లోపలి నుంచి అడిగారు.

"ఉన్నం చాచీ" అన్నాడు కెప్టెన్.

ఆమె పరదా దగ్గరికి జరిగి కూర్చున్న అలికిడైంది.

"గెలిచినా ఓడినా ఇంటికొచ్చి ఎన్నడు నోరిప్పలే ఆయన. ఇన్నేండ్లల్ల ఒక్క మ్యాచ్ గూడ నాకు జెప్పలే. మీరు జెప్పుర్రి. మొదటి సంది చెప్పుర్రి, ఏదీ ఇడువకుర్రి."

ఒకరి మాటకొకరం అడ్డుపడుతూ మొదలుపెట్టాం. ఆమె ఊకొడుతూ విన్నారు. ఆ ఆఖరి షాట్ దగ్గరికి వచ్చేసరికి నేను లేచి నిలబడ్డాను. ఆమెకు కనిపించదని తెలిసి కూడా, ఎట్లా దూకానో ఆ పరదా ముందు మళ్లీ దూకి చూపించాను.