నా రక్తం పలుచన చేయించిన వియ్యంకుడు

మా వియ్యంకుడు పోయాడు. పోయిన గురువారం పొద్దున కార్ఖానా బస్తీలో మా ఇంటి నల్లా దగ్గర మొహం కడుక్కుంటుంటే అమ్మాయి ఫోన్ చేసింది. "మామయ్య పోయిండ్రు నాయనా" అంది. చూడటానికి వచ్చినవాళ్లలో సగం మంది, గుండె జబ్బు మనిషి కదా, గుండె ఆగి ఉంటుందన్నారు. కాదు. ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి పోయాడు. గుండెను ఆయన తొమ్మిదేళ్లు బాగానే నడుపుకున్నాడు. ఈ సంగతి నలుగురికీ తెలియాలనే రాస్తున్నాను. నేను చదివింది నాలుగో తరగతి. తప్పులు అమ్మాయి దిద్దింది, మాటలు మాత్రం నావే.

మా ఇద్దరిదీ ఒకటే జబ్బు. గుండె పైగదులు లయ తప్పి అదురుతుంటాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. నాకు నోరు తిరగదు. ముందు ఆయనకు వచ్చింది, నాకు వచ్చిందని కనిపెట్టిందీ ఆయనే. మనవరాలి పుట్టినరోజుకు ఏ.ఎస్. రావు నగర్‌లోని వాళ్లింటికి వెళితే చెయ్యి కలిపాడు, కలిపిన చెయ్యి ఎంతకీ వదలడు.

"ఏంది బావగారు, పిల్లనిచ్చినం గద, ఇంక నన్ను సుత ఉంచుకుంటరా?" అన్నాను.

"కాసేపు ఉండండి బావగారూ. మీ నాడి ఒక పద్ధతిలో లేదండి. రెండు కొడుతోంది, ఒకటి మింగేస్తోంది."

చెయ్యి లాక్కున్నాను. కానీ ఆ వారమే అమ్మాయి నన్ను ఆస్పత్రికి తీసుకుపోయింది. గుండె వేగం తగ్గించడానికి ఒక మాత్ర అన్నాడు డాక్టరు. లోపల రక్తం గడ్డకట్టి మెదడుకు ఎక్కితే పక్షవాతం వస్తుంది కాబట్టి రక్తం పలుచన చేయడానికి ఇంకో మాత్ర అన్నాడు. తొడ నరంలోంచి సన్నని తీగ గుండెదాకా పంపి, లయ చెడగొట్టే చోటును కాల్చే పద్ధతి కూడా ఉందన్నాడు. మొదటి మాత్ర వేసుకున్నాను. రెండోది జేబులోనే ఉండిపోయింది.

రాంగోపాల్‌పేటలో నలభై ఏళ్లుగా నాది సాన పట్టే పని. దర్జీల కత్తెరలు, హోటళ్ల కత్తులు నా దగ్గరికే వస్తాయి. వారానికి ఒకసారైనా వేలు తెగుతుంది. రక్తం ఆగని మనిషి సాన ముందు కూర్చోలేడని నా లెక్క. ఇది డాక్టరుకు చెప్పలేదు. చెబితే పని మానుకోమంటాడు. పైగా పలుచన అనే ఆ మాట కూడా నాకు నచ్చలేదు.

"నలుగురిల ఎన్నడు పలుచన గాలేదు బావగారు. ఇప్పుడు నా రక్తాన్నే పలుచన జేస్తమంటే ఒప్పుకోవాల్నా?" అన్నాను.

ఆయన నవ్వలేదు. "మూతి పక్కకు పోయి, మాట రాక మంచంలో పడుంటే అప్పుడెంత గౌరవంగా ఉంటుందో చూసుకోండి" అన్నాడు. మెత్తని మనిషే, మాట మాత్రం నాకంటే పదును.

నేను వేరే దారి చూసుకున్నాను. కాల్పించుకుంటే ఒక్కసారితో పీడ పోతుంది, ఆ రక్తం పలుచన చేసే గోలీతో పని ఉండదు. ఆయన అది చేయించుకున్నవాడే కాబట్టి ఆయన్నే అడిగాను.

"చేయించుకున్నాక సుత గా గోలీ ఏస్కుంటున్నరా?"

"వేసుకుంటున్నానండి."

"మరి కాల్పించుకునుడు దేనికి?"

"మెట్లెక్కితే ఆయాసం వచ్చేది. మాత్రలకు తగ్గలేదు. అందుకని కాల్పించుకున్నా. మాత్ర పక్షవాతం రాకుండా. నా వయసుకి, నా బీపీకి అది మానకూడదన్నారు. రెండూ వేరు సంగతులండి. మీకు ఆయాసం ఉందా?"

"లేదు."

"మరి దేన్ని కాల్పించుకుంటారు?"

కాల్పించుకునే ఆలోచన మానుకున్నాను. అట్లా అని గోలీ కూడా వేసుకోలేదు.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం ఆయన బస్సెక్కి నా దుకాణానికి వచ్చాడు. స్టూలు మీద కూర్చుని సాన తిరగడం చూస్తున్నాడు. నేను నీళ్లు తెద్దామని ఇటు తిరిగి అటు తిరిగేసరికి ఆయన ఎడమచేతి వేలి నుంచి రక్తం కారుతోంది. అప్పుడే పదును పెట్టిన దర్జీ కత్తెర ఒళ్లో ఉంది.

గబగబా దగ్గరికి పోయాను. ఆయన మాత్రం రుమాలు తీసి వేలును గట్టిగా అదిమి, చెయ్యి పైకెత్తి, గడియారం చూసుకున్నాడు. "మీ పని మీరు కానివ్వండి" అన్నాడు. ఎట్లా కానిస్తాను? మనవరాలికి లెక్కలు రావట్లేదని, బస్సులో సీటు దొరకలేదని ఏదో చెబుతూనే ఉన్నాడు. రుమాలు ఎర్రబడింది. నాకైతే రెండు నిమిషాల్లో ఆగేది. ఆయనకు పావుగంట పట్టింది. అప్పుడు రుమాలు విప్పి వేలు నా ముందు పెట్టాడు.

"చూశారుగా. ఆగుతుంది. నిదానంగా ఆగుతుంది, అంతే. తలకు దెబ్బ తగిలితే మాత్రం రుమాలుతో కుదరదు, ఆస్పత్రికే పరిగెత్తాలి. అది కూడా దాచను."

ఫ్యాక్టరీ స్టోర్సులో ముప్పై ఏళ్లు పనిచేసి గుండుసూది కూడా గుచ్చుకోని మనిషి. కావాలనే చేశారా అని అడిగాను.

"మీ పదును అంత బాగుంటుందనుకోలేదండి" అన్నాడు. అంతకుమించి ఏనాడూ చెప్పలేదు. ఆ రోజు ఇంటికి బయలుదేరేటప్పుడు మాత్రం ఒక మాటన్నాడు. "డాక్టరుగారికి మీ గుండె తెలుసు, మీ పని తెలీదు. అది మీరే చెప్పాలి."

మర్నాడే వెళ్లి చెప్పాను. డాక్టరు పని మానుకోమనలేదు. చేతికి తోలు తొడుగు వేసుకోమన్నాడు. గోలీ నా అంతట నేను ఆపొద్దన్నాడు. ఆయాసం లేదు కాబట్టి కాల్చడం ఇప్పుడు అక్కర్లేదు, వస్తే చూద్దామన్నాడు. ఆ రాత్రి నుంచి గోలీ వేసుకుంటున్నాను. ఈ సంగతి వియ్యంకుడికి చెప్పొద్దని అమ్మాయి దగ్గర మాట తీసుకున్నాను. ఆయన మాట నెగ్గిందని ఒప్పుకోవడం నాకు చేతకాలేదు. వేసుకుంటున్నారా అని ఆయన ఒక్కసారే అడిగాడు. చూద్దాం అన్నాను. మళ్లీ అడగలేదు. అట్లా రెండేళ్లు గడిచాయి.

పోవడానికి రెండు రోజుల ముందు ఆస్పత్రికి వెళ్లాను. మూతికి ఆక్సిజన్ మాస్కు, సూదులు గుచ్చినచోటల్లా చేతులు నల్లగా కమిలి ఉన్నాయి. వియ్యపురాలు పక్కనే కూర్చుని ఉంది. నాకు చుట్టు తిప్పి మాట్లాడటం రాదు.

"బావగారు, గా గోలీ ఏస్కుంటున్న. మీ వేలు తెగిన నాటి సంది" అన్నాను.

"అది ఆయనకెప్పుడో తెలుసు అన్నయ్యగారూ" అంది ఆమె. "అమ్మాయేం చెప్పలేదు లెండి. మా ఇంటికొచ్చినప్పుడల్లా రాత్రి ఎనిమిదింటికి గోడవైపు తిరిగి నీళ్లు తాగుతారు కదా. ఆ వేళకి మీ పక్కన గ్లాసు పెట్టించింది ఈయనే."

ఆయన వైపు చూశాను. కళ్లు తెరిచే ఉన్నాయి, కొసలు నవ్వుతో ముడతపడ్డాయి, మాట రాదు. మాస్కు లోపల ఆవిరి ఒక్కసారిగా కమ్ముకుంది. మెల్లగా విడిపోయింది. మళ్లీ కమ్ముకుంది.