కుర్చీ తిప్పే బాబాయి

అంతర్జాతీయ పాటల పోటీలో ఎవరైనా సొంత భాష వదిలి ఇంగ్లీషులో పాడితే మా బాబాయికి ఒళ్ళు మండేది. ఒళ్ళు మండినవాళ్ళు అరుస్తారు, టీవీ కట్టేస్తారు. బాబాయి కుర్చీ తిప్పేవాడు. తన కుర్చీ కాదు, మీ కుర్చీ. ఆయనది సెలూన్ మరి. మీ గడ్డానికి నురగ పూసి, కత్తి మెడ దాకా తెచ్చాక, ఏదో దేశపు కుర్రాడు ఇంగ్లీషు అందుకున్నాడా, మీరు గిర్రున తిరిగి టీవీకి వీపు పెట్టేవారు. ఏటా ఆ పోటీ జరిగే వారమంతా మా వీధి మగవాళ్ళ మీసాలు ఒకవైపు పొట్టిగా ఉండేవి.

"అన్నా, చెవి! చెవి!" అని వెల్డర్ గావుకేక పెట్టేవాడు.

"నీ చెవి కాపాడదామనే తిప్పానురా. కదలకు."

సొంత భాషలో పాడే మనిషి వచ్చిందంటే మాత్రం కుర్చీ పువ్వులా మెల్లగా వెనక్కి తిరిగేది. కత్తెర తాళం వేసేది. ఎన్నడూ వినని భాషలో ఎవరో పాడుతుంటే, బాబాయి కళ్ళలో దూరపు ఊరి దీపాలు ఒక్కొక్కటే వెలిగేవి.

"ఏమంటోంది బాబాయ్ ఆ అమ్మాయి?"

"వాళ్ళ నాన్న పడవ ఇంకా తిరిగి రాలేదంటోంది."

"నీకా భాష వచ్చా?"

"గొంతులో అన్ని నీళ్ళు కనబడుతుంటే భాషెందుకే!"

సెలూన్ పక్కనే నా టైపు షాపు. పోటీ ముగిసిన మర్నాడు నిర్వాహకులకు ఉత్తరం కొట్టడం ఏటా నా పని.

"కొట్టు. ఇరవై ఆరు దేశాలను పిలిచి అందరిచేతా ఒకే నోటితో పాడిస్తున్న సిగ్గులేని..."

"'గౌరవనీయులైన' అని మొదలుపెట్టాలి బాబాయ్."

"సరే. గౌరవనీయులైన సిగ్గులేనివారికి."

పదకొండేళ్ళలో పదకొండు ఉత్తరాలు పంపితే ఒక్క జవాబొచ్చింది. ఇంగ్లీషులో రెండు వాక్యాలు: మీ ఆసక్తికి ధన్యవాదాలు, మా పోటీని చూస్తూనే ఉండండి. బాబాయి దానికి అద్దం కట్టించి, గోడకు తలకిందులుగా వేలాడదీశాడు. ఆ ఉత్తరాలు కొట్టీ కొట్టీ ఆ కోపం నా వేళ్ళకూ అంటుకుంది. నిజం చెప్పాలంటే ఇప్పటికీ పోలేదు.

ఆ తరవాతి ఏడాది మా ఎదురింటి పిచ్చుక మన దేశం తరఫున ఎంపికైంది. ఇస్త్రీ షాపు ఆవిడ కూతురు. సన్నగా ఉంటుంది, గొంతు మాత్రం వీధి చివరికి వినిపిస్తుంది, అందుకని ఆ పేరు. తడిబట్ట మీద పెట్టె ఆనగానే లేచే ఆవిరిలో అమ్మ ముఖం మాయమై మళ్ళీ తేలడం గురించి తనే పాట కట్టుకుంది. మన మాటల్లోనే. ఆ పాటతోనే ఎంపిక పోటీ గెలిచింది.

గెలిచాక ఎంపిక కమిటీ కాగితం పంపింది. ఇంగ్లీషులో పాడాలి, లేదంటే రెండో స్థానం అమ్మాయి వెళుతుంది. ప్రపంచానికి అర్థం కావాలట! ఆ ఇంగ్లీషు పాట వాళ్ళే రాయించి జత చేశారు. అందులో ఆవిరి లేదు, అమ్మ లేదు. 'నా గుండె నిప్పు' అని నాలుగుసార్లు ఉంది. అది చదివి నేను నా మేజా మీద గుద్దితే టైపు మిషన్ తనంతట తనే గంట కొట్టింది.

పిచ్చుక ఆ కాగితం పట్టుకుని సెలూన్‌లోకి వచ్చేసరికి సంగతి వీధంతా పాకింది. ముందు వెల్డర్ తన కుర్చీ అటు తిప్పుకున్నాడు. తరవాత ఒకరి వెంట ఒకరు. ఆ పిల్ల ముందు ఐదు వీపులు.

"సంతకం పెట్టేశావటగా," అన్నాడు వెల్డర్, గోడతో.

"ఇంకా లేదు," అని పిచ్చుక బాబాయి వైపు చూసింది. "రేపటిదాకా గడువుంది మావయ్యా. పెడితే అందరూ ఇలాగే కూర్చుంటారు. పెట్టకపోతే నేను జన్మంతా ఇస్త్రీ పెట్టె ముందు నించుంటా. ఏం చెయ్యమంటావు?"

బాబాయి అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. దువ్వెన నేలకేసి కొట్టాడు.

"ఇటు తిరగండిరా!"

"నువ్వు నేర్పిందేగా అన్నా?"

"నా కోపం మీకెవడు అద్దెకిచ్చాడు? ఇరవై ఏళ్ళు తిండి పెట్టి పెంచుకున్నాను దాన్ని. పెద్దపెద్ద కుర్చీల్లో కూర్చున్నవాళ్ళను కరవడానికి పెంచాను. పిల్లలను కరిచే అలవాటు దానికి లేదు!"

ఐదు కుర్చీలూ కిర్రుమంటూ ఇటు తిరిగాయి. బాబాయి కాగితం లాక్కుని, కళ్ళజోడు పెట్టుకుని, పాటంతా గడగడా చదివాడు. ఇంగ్లీషు! తడబాటు లేకుండా, నున్నగా, గాజు మీద నీళ్ళు జారినట్టు. వెల్డర్ తెరిచిన నోట్లోకి నురగ పోయింది.

"బాబాయ్! నీకు ఇంగ్లీషు వచ్చా?"

"రాకపోతే ఇన్నేళ్ళూ ఎలా తిట్టాననుకున్నావే? ఏమంటున్నారో తెలియకుండా తిడితే మొరిగినట్టుంటుంది." పిచ్చుక వైపు తిరిగాడు. "సంతకం పెట్టు. రేపు పొద్దున్న ఆరింటికి రా. వాళ్ళ పాట వాళ్ళకంటే బాగా పాడి వాళ్ళ ముఖాన కొడదాం."

మూడు వారాలు నడిచింది ఆ చదువు. పొద్దున్నే షట్టరు వెనక నుంచి పాట, పాట వెనకాల తిట్లు వినిపించేవి.

"ఇదొక పాటా? మందుసీసా మీద అంటించిన చీటీ! ఛీ! మళ్ళీ పాడు. బాగుంది. బాగున్నందుకు ఒళ్ళు మండుతోంది. మళ్ళీ!"

ఏడింటికి పిల్లను పంపించి నా దగ్గరికొచ్చేవాడు. "కొట్టవే. గౌరవనీయులైన సిగ్గులేని కమిటీకి..."

పోటీ సాయంత్రం సెలూన్‌లో ఎవరికీ క్షవరం జరగలేదు. పిచ్చుక నాలుగు నిప్పుల పాట పాడింది. ఆ డొల్ల మాటల్లోకి ఎక్కడినుంచో ఆవిరి తెచ్చి నింపింది. పధ్నాలుగో స్థానం వచ్చింది. ఇస్త్రీ షాపు ఆవిడ ఒక్క ముక్కా అర్థం కాకుండానే కళ్ళు తుడుచుకుంది. వేదిక మీద వ్యాఖ్యాత మైకు అందించి, ఇంత చక్కటి ఇంగ్లీషు ఎక్కడ నేర్చుకున్నావని అడిగాడు. పిచ్చుక మన భాషలో, ప్రపంచమంతా వినేలా చెప్పింది:

"మా సెలూన్ మావయ్య నేర్పాడు. రోజూ తిడుతూ నేర్పాడు."

బాబాయి తల పట్టుకున్నాడు. "చంపేసిందిరా! పరువు తీసేసింది!"

తెల్లారేసరికి సెలూన్ ముందు పిల్లల చేతులు పట్టుకున్న తల్లిదండ్రులు ఇరవైమంది. మా వాడికీ ఇంగ్లీషు నేర్పండి, మా దానికీ నేర్పండి. బాబాయి చీపురు తీసుకుని వాళ్ళను వీధి మలుపు దాకా తరిమాడు. రొప్పుతూ నా షాపులోకి వచ్చాడు.

"పెద్ద అక్షరాల్లో కొట్టవే. ఇక్కడ ఇంగ్లీషు నేర్పబడదు."

కొట్టాను. కాగితం లాగబోతుంటే మిషన్ మీద చెయ్యి పెట్టి ఆపాడు. అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు.

"కింద చిన్న అక్షరాల్లో ఇంకో ముక్క కొట్టు. రాదని ఏడ్చే పిల్లలు పొద్దున్న ఆరింటికి రావలెను."