పాన్ కార్డు మీద నాన్న పేరు

నాకు ముక్కు మీద కోపం. ఆ కోపం వల్లే కొన్నాళ్ళపాటు మా ఆయన ప్రభుత్వ కాగితాల్లో నాకు తండ్రి అయ్యాడు.

నేను వంటింటి డబ్బాలు అమ్ముతాను. మూత నొక్కితే చీమ కూడా దూరదు, ఆవకాయ పెట్టినా వాసన బయటికి రాదు. కంపెనీ వాళ్ళు మమ్మల్ని కన్సల్టెంట్లు అంటారు. జీతం ఉండదు, అమ్మినదాని మీద కమిషన్ వస్తుంది. చేరేటప్పుడు పాన్ కార్డు అడిగారు. నాకు లేదు, మా ఆయనకి ఉంది. ఆయన పేరుతోనే చేరిపోయాను. ఎండలో ఇల్లిల్లూ తిరిగేది నేను. ఏడాది చివర బాగా అమ్మినందుకు ఇచ్చిన ప్రశంసాపత్రం మీద మాత్రం ‘శ్రీ’ అని మొదలుపెట్టి ఆయన పేరు వేశారు. ఆయన ఒక్క డబ్బా అమ్మిన పాపాన పోలేదు. అయినా దాన్ని ముందు గదిలో తగిలించి, వచ్చినవాళ్ళందరికీ నవ్వుతూ చూపించేవాడు. వాళ్ళతో పాటు నేనూ నవ్వేదాన్ని గానీ, లోపల ఒళ్ళు మండేది.

రాజమండ్రిలో ఏటా ఒక కల్యాణమండపంలో మాలాంటి వాళ్ళందరికీ ఎగ్జిబిషన్ పెడతారు. చీరలు, పచ్చళ్ళు, సబ్బులు, మా డబ్బాలు, ఎవరి బల్ల వాళ్ళది. అన్నేళ్ళూ నేను ఇంకొకరి బల్ల దగ్గర నిలబడి సాయం చేశాను. ఆ ఏడు నాకంటూ ఒక బల్ల కావాలనుకున్నాను. అడగబోతే కొత్త నిబంధన చెప్పారు. బల్ల దగ్గర ఎవరు నిలబడితే కంపెనీ ఒప్పందం వాళ్ళ పేరుతోనే ఉండాలి, పాన్ కార్డూ వాళ్ళదే అయ్యుండాలి. మా అమ్మ బతికున్నన్నాళ్ళూ ధవళేశ్వరంలో చేపల గంప నెత్తిన పెట్టుకుని వీధి వీధీ తిరిగింది. ఆవిడని ఎవరూ ఏ కార్డూ అడగలేదు. కాసేపు విసుక్కున్నాను గానీ, ఇన్నాళ్ళకి నా పేరుతో ఏదో ఒకటి వస్తుందన్న సంతోషమే ఎక్కువగా ఉంది.

మా వీధి చివరి నెట్ సెంటర్‌కి వెళ్ళాను. అక్కడ కూర్చునే ఆయన కంప్యూటర్ మీద ఒక్కో గడీ నింపుతూ, “మీ నాన్నగారి పేరు చెప్పండి” అన్నాడు.

“పెళ్ళైనదాన్నండి. మా ఆయన పేరు రాయండి.”

“ఇక్కడ తండ్రి పేరనే ఉందండి.”

“ఏంటండీ మీ గొడవ? రేషన్ కార్డులో ఆయన పేరే, ఆధార్‌లో ఆయన పేరే. పెళ్ళయ్యాక ఆడదానికి తండ్రి పేరు ఎవరు రాస్తారండీ?”

ఆయన ఏదో చెప్పబోయాడు. నేను గొంతు పెంచాను. వెనక నిలబడ్డవాళ్ళు కూడా నా వైపే మాట్లాడారు. ఆయన నిట్టూర్చి నేను చెప్పినట్టే కొట్టాడు. గెలిచానని సంబరంగా ఇంటికొచ్చాను.

కార్డు వచ్చింది. పైనున్న నా పేరు, నా ఫొటో చూసుకుని మురిసిపోయానే గానీ, కింద వరస చదవలేదు. బల్లలు కేటాయించే మేడమ్ గారు మాత్రం ముందు అదే చదివారు. నా ఆధార్‌ని పక్కన పెట్టుకుని రెండూ మార్చి మార్చి చూశారు.

“ఏమండీ, ఆధార్‌లో మీ ఆయన, ఇందులో మీ నాన్నగారు. ఇద్దరూ ఒక్కరేనా?”

ఆ గదిలో ఉన్నవాళ్ళంతా గొల్లుమన్నారు. నాకు తలకొట్టేసినట్టయింది. పాన్‌లో పెళ్ళైన ఆడవాళ్ళకి కూడా తండ్రి పేరే ఉండాలని, ఇలా ఉంటే నా పేరుతో కంపెనీకి పంపే కొత్త ఒప్పందం వెనక్కొచ్చేస్తుందని ఆవిడ నెమ్మదిగానే చెప్పారు. ఇరవై రోజుల్లో జాబితా మూసేస్తారు. ఈలోగా సరిచేయించుకుంటే బల్ల నాది, లేకపోతే వచ్చే ఏడే.

మళ్ళీ ఆ నెట్ సెంటర్‌కే వెళ్ళాల్సి వచ్చింది. “తప్పు నాదేనండి” అన్నాను. ఆ మాట అనడానికి ఎంత కష్టపడ్డానో నాకే తెలుసు. ఆయన మంచివాడు, నవ్వలేదు. నాన్న పేరున్న రుజువు ఒకటి తెమ్మన్నాడు. నా దగ్గరున్నవన్నీ మా ఆయన పేరుతో ఉన్న కాగితాలే. ఆలోచించగా పదో తరగతి మార్కుల జాబితా గుర్తొచ్చింది. అది పుట్టింట్లో ఉండాలి.

ధవళేశ్వరం ఎంత దూరమని? ఆటోలో కాసేపు. అయినా డబ్బాల హడావుడిలో పడి నాన్నని చూసి నెలలు దాటింది. వెళ్ళేసరికి అరుగు మీద కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. సంగతి చెబితే లోపలికెళ్ళి ఒక ప్లాస్టిక్ కవరు తెచ్చాడు. అందులో పడవ లైసెన్సు, దాని కిందే నా మార్కుల జాబితా. ఇన్ని వానలకీ వరదలకీ చెమ్మ తగలకుండా దాచాడు.

“ఇన్నాళ్ళూ దాచావా నాన్నా?”

“నాకు చదువు రాదు కదమ్మా. ఏది ముఖ్యమో తెలీక అన్నీ దాచాను.” మళ్ళీ వల అందుకుని, తల వంచుకునే అడిగాడు. “అయినా పెళ్ళి చేసి పంపేశాక నా పేరెందుకమ్మా వాళ్ళకి?”

“గవర్నమెంటు వాళ్ళకి నీ పేరే కావాలంట నాన్నా. పెళ్ళైనా సరే, కాకపోయినా సరే.”

ఆయన చెయ్యి ఆగిపోయింది. “నిజంగానా?” అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. ఆ పేరు వద్దని నలుగురిలో గొంతు చించుకున్నది నేనేనని మాత్రం ఆయనకి చెప్పలేదు.

జాబితా మూసే ముందురోజు, పప్పుకి పోపు వేస్తుంటే ఫోన్ మోగింది. సరిచేసిన కార్డు మెయిల్‌కి వచ్చిందని నెట్ సెంటర్ ఆయన చేశాడు. పోపు మాడిపోయింది. ప్రింటు తీయించుకుని బయల్దేరితే, మేడమ్ గారి దగ్గరికి మా ఆయనే బండి మీద దింపాడు. ప్రింటు చూసి, “హమ్మయ్య, మొగుణ్ణి అయ్యాను” అన్నాడు. ఇంటికెళ్ళగానే ఆ ప్రశంసాపత్రం తనే గోడ మీంచి తీసి బీరువాలో పెట్టాడు.

ఎగ్జిబిషన్ రోజు నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. బల్ల వెనక ప్లాస్టిక్ కుర్చీ వేస్తే బిగుసుకుపోయి కూర్చున్నాడు. జనం కాస్త పలచబడ్డాక, “ఏదమ్మా, ఆ కార్డు?” అన్నాడు. ఇచ్చాను. అటూ ఇటూ తిప్పాడు. ఆయన వేలు పట్టుకుని నా పేరు కింద వరస మీద పెట్టాను. కళ్ళజోడు లేదని సాకు చెప్పి కళ్ళు తుడుచుకున్నాడు. ఆయనకి అసలు కళ్ళజోడే లేదు.

అంతలో ఒకావిడ పోపుల డబ్బా చేతిలోకి తీసుకుని, “ఈ బల్ల ఎవరిదండీ?” అని అడిగింది. నేను నోరు తెరిచేలోగా నాన్న కార్డు పట్టుకుని లేచి నిలబడ్డాడు.

“మా అమ్మాయిదండి. ఇదిగో, ఇందులో నా పేరు కూడా ఉందండి” అన్నాడు.